వదిలేసిన కణుపులు

పొద్దున లేస్తూనే మా ఆయన చెవిలో నూనె వెయ్యడం నా మొదటి పని. పొయ్యి మీదికి టీ గిన్నె కంటే ముందు చిన్న గరిటె ఎక్కుతుంది. నువ్వుల నూనె, చిదిమిన వెల్లుల్లి రెబ్బలు రెండు. నూనె వెచ్చగా ఉండాలి, కాలకూడదు. నా మోచేతి లోపల ఒక చుక్క వేసి చూసుకుని, ఆయన తల నా తొడ మీద పెట్టుకుని, కుడి చెవిలో నాలుగు చుక్కలు, ఎడమ చెవిలో నాలుగు చుక్కలు వేస్తాను. దూది పెట్టాక పది నిమిషాలు ఆయన కదలకూడదు, కాబట్టి నేనూ కదలకూడదు. ఆ పది నిమిషాల్లో టీ పొంగితే మా అత్త దిల్షాద్‌బీ వాకిట్లోంచి అరుస్తుంది. "ఏమ్మే, మొగుణ్ణి ఒళ్ళో పండబెట్టుకోని కలలు కంటాండావా?" నేనేం చేస్తున్నానో ఆమెకు తెలుసు. ఈ వైద్యం చెప్పింది ఆమే. "వానికి గులిమి ఎక్కువ. చిన్నప్పట్నుంచి అంతే" అంటుంది. ఎనిమిదేళ్ళుగా కరగని గులిమి.

మా ఆయన చాంద్ బాషాకు చెవుడు. మా ఇంట్లో అనకూడని మాట ఇది, అందుకే ముందే అనేస్తున్నాను. జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు మిషన్ పక్కన నిలబడ్డాడు. రాయిని కోసే చక్రం అరుపు ఏ అడ్డమూ లేకుండా నేరుగా చెవిలోకి పోయింది. ముందు పిట్టల అరుపు వినపడకుండా పోయింది, తర్వాత కుక్కర్ విజిల్, తర్వాత నా గొంతు. డప్పు వినపడుతుంది. లారీ దగ్గరికొస్తే తెలుస్తుంది. మనిషి మాటను పెదాల మీద చూసి పట్టుకుంటాడు. ఆయనతో మాట్లాడాలంటే నేను చేస్తున్న పని ఆపి, ఎదురుగా పోయి, వెలుతురు నా మొహం మీద పడేటట్టు నిలబడి, నోరు బాగా కదిలిస్తూ మెల్లగా చెప్పాలి. ఆయన మాత్రం నాతో ఏ గదిలోంచైనా మాట్లాడొచ్చు. నేను వింటాను కదా.

ఈ మనిషి పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారిస్టు. నవ్వకండి. స్వరం వినపడని మనిషి గిటార్ ఎట్లా వాయిస్తాడంటే, పెళ్ళాం చెవులతో వాయిస్తాడు.

మాది దూదేకుల ఇల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా జేజినాయన, అంటే నాయనకు నాయన, ప్రొద్దుటూరులో నాదస్వరం వాయించేవాడు. మా నాయన అబ్దుల్ సత్తార్ బహ్రెయిన్‌లో ఒక హోటల్లో బల్లలు తుడిచే పనికి పోయాడు. ఆ హోటల్లో రోజూ సాయంత్రం జాజ్ వాయించే గోవా ముసలాయన ఒకడు ఉండేవాడట. బల్లలు తుడుస్తూ తుడుస్తూ ఆయన దగ్గర గిటార్ నేర్చుకుని పదకొండేళ్ళకు తిరిగొచ్చాడు. జాజ్ అంటే రాసిపెట్టిన పాటను రాసినట్టు వాయించడం కాదు. పాట ఎముకలు ఉంచుకుని కండ అప్పటికప్పుడు పుట్టించడం. మా జేజినాయన దాన్నే మనోధర్మం అనేవాడు. ప్రొద్దుటూరులో ఆ సంగీతం వినేవాడు ఒక్కడు లేడు. అందుకని నాకు నేర్పాడు. నా మీద ప్రేమతో కాదు, మాట్లాడుకోవడానికి మనిషి లేక. అయినా సరే, నేర్పాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

"కుడి చెయ్యి చాపు మే. బొటనేలు పక్కన పెట్టు. మిగతావి ఎన్ని ఏళ్ళు?"

"నాలుగు."

"ఏలికి ఎన్ని గణుపులు?"

"మూడు."

"పన్నెండాయె. లోకంలో స్వరాలన్నీ పన్నెండే. నమాజు అయినాక తస్బీ ఈ గణుపుల మీదనే గదా లెక్కబెడతాం. స్వరాలు గూడా ఈడనే పెట్టుకో, యాడికి పోయినా నీతోనే వస్తాయి."

అట్లా పన్నెండు స్వరాలు నా చేతి మీద ఎక్కాయి. బొటనవేలితో ఏ కణుపు ముడితే ఆ స్వరం నా తలలో మోగుతుంది, ఇప్పటికీ. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక రోజు, నాలుగు వేళ్ళ మీదా పై కణుపు, నడిమి కణుపు ముట్టమన్నాడు. అడుగు కణుపు ప్రతి వేలి మీదా వదిలెయ్యమన్నాడు. నాలుగు వేళ్ళు, ఎనిమిది స్వరాలు. స్వరం నుంచి స్వరానికి ఒక అంగ చిన్నది, ఒక అంగ పెద్దది, మళ్ళీ చిన్నది, మళ్ళీ పెద్దది. దాని పేరు డిమినిష్డ్ స్కేల్ అన్నాడు. వేలు నుంచి పక్క వేలికి జరగడమంటే గిటార్ మీద మూడు మెట్లు జరగడం. చేతి ఆకారం మారదు. మూడు మెట్లకొకసారి అదే ఆకారం, అవే ఎనిమిది స్వరాలు, గిటార్ మెడ చివరిదాకా.

వాయిస్తే ఎక్కడ మొదలుపెట్టానో, ఎక్కడ ఉన్నానో తెలియలేదు. "దీంట్లో ఇల్లు యాడ నాయనా?" అన్నాను.

"దీంట్లో ఇల్లు లేదు" అన్నాడు మా నాయన. "మామూలు పాటలో ఇల్లు యాడుందో సంటి బిడ్డకైనా తెలుస్తాది. ఇది అట్ల గాదు. పాట తిరిగి పల్లవిలోకి వచ్చే ముందర, వినేటోళ్ళను గాలిలో ఏలాడదీయాలంటే దీన్ని వాడాల. ఎంతసేపు తిరిగినా తిరగొచ్చు. దిగేది మాత్రం నువ్వు ముట్టకుండా వదిలేసినావే ఆ అడుగు గణుపు, దాని మీద. నాలుగు ఏళ్ళ మీద అట్లాంటివి నాలుగు గణుపులు ఉండాయి. ఒగటే ఇల్లు. మిగతా మూడూ గాదు. ఏ గణుపు ఇల్లో చెవే చెప్పాల. ఇంగెవురూ చెప్పలేరు."

చాంద్ బాషా మా నాయనకు రెండో శిష్యుడు. ప్రతి ఆదివారం జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వచ్చేవాడు. మంచి చెయ్యి, అప్పుడు మంచి చెవి కూడా. మా నాయన తన శిష్యుడికి తన కూతుర్నీ తన గిటార్‌నీ కలిపి ఇచ్చేశాడు. మొదటి ఏడాది మేమిద్దరం ఒకే గిటార్ మీద వంతులేసుకుని వాయించుకున్నాం. అబద్ధం చెప్పను, బాగుండేది. తర్వాత మా అత్త ఒక మధ్యాహ్నం గడపలో నిలబడి, "ఇంట్లో ఇద్దరూ వాయిస్తా కూసుంటే అన్నం ఎవురు వండాల?" అంది. ఆయన ఏమన్నా అంటాడేమోనని చూశాను. గిటార్ తన వైపుకు తీసుకుని తీగలు సవరించుకున్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. అప్పటినుంచి అది చాంద్ బాషా గిటార్. ఆయన ఫ్యాక్టరీకి పోయాక, అత్త మధ్యాహ్నం కునుకు తీసే వేళ, తీగల కింద పాత గుడ్డ కుక్కి చప్పుడు రాకుండా నేను వాయించుకునేదాన్ని. రోజుకు నలభై నిమిషాలు. నా బతుకు ఆ నలభై నిమిషాల్లో ఉండేది, మిగతాదంతా అంట్లు.

ఎనిమిదేళ్ళ కిందట ప్రొద్దుటూరులో ఒక పెళ్ళిలో ఆయన తప్పు స్వరం మీద దిగాడు. పాట పాడే అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఆయనకు తెలియలేదు. నేను ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని ఉన్నాను. నా మొహం చూసి మాత్రం తెలుసుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు గుండె తరుక్కుపోయింది. మోకాలి మీద చెయ్యి పెట్టి, బొటనవేలితో సరైన కణుపు ముట్టి చూపించాను. మా నాయన ఇద్దరికీ ఒకే లెక్క నేర్పాడు కదా, అర్థం చేసుకున్నాడు. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను. ఎవరూ అడగలేదు. అదీ నా తప్పే.

అప్పటినుంచి ఆయన వాయించే ప్రతి పెళ్ళికీ నేను ముందు వరసలో ఉండాలి. ఒళ్ళో చీర కొంగు మీద కుడి చెయ్యి, పాట మారినప్పుడల్లా వేలు. డిమినిష్డ్ స్కేల్ అంటే ఆయనకు ప్రాణం అయింది. చెయ్యి మూడు మెట్లు జారినా తప్పు పడదు, చెవిటివాడికి అంత దయగల స్కేల్ ఇంకొకటి లేదు. గిటార్ మెడ మీద కిందికీ పైకీ పరుగులు పెట్టి, దిగే ముందు ఒక్కసారి నా చేతి వైపు చూస్తాడు. ఏ వేలో చూపిస్తాను. దిగుతాడు. జనం ఈలలు వేస్తారు. "చాంద్ బాషా చెయ్యి గిటార్ మీద తేలు పాకినట్టు పాకుతాదప్పా" అంటారు. ఆడవాళ్ళేమో నన్ను చూసి ముచ్చటపడతారు. "దిల్షాద్‌బీ కోడల్ని సూడు, పెండ్లిలో గూడా తస్బీ వదల్లేదు." ఒకసారి ఒకామె నా పక్కన చేరి, "బిడ్డల కోసమా మసరత్, అంతగనం దువా చేస్తాండావు?" అంది. "అవును పిన్నీ" అన్నాను. మాకు పిల్లలు లేరు. ఎందుకు లేరన్నది ఈ కథ కాదు.

ఇంటికొచ్చాక చొక్కా విప్పుతూ ఆయన అడిగేవాడు. "ఎట్లుండె ఈపొద్దు?"

"బాగుండె."

"రెండో పాటలో నువ్వు వేలు లేటుగా చూపిచ్చినావు. పక్కనామెతో మాటలు పెట్టుకుంటాండావు. సూసుకో."

చూసుకున్నాను. మరుసటి పెళ్ళిలో ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడు నెలల కిందట ఫ్యాక్టరీలో వెనక్కి వస్తున్న రాళ్ళ బండి హారన్ ఆయనకు వినపడలేదు. పక్కనున్నవాళ్ళు లాగారు కాబట్టి బతికాడు. మరుసటి రోజునుంచి రావద్దన్నారు. ఆర్కెస్ట్రాను పిలిచేవాళ్ళూ తగ్గిపోయారు, డీజే పెట్టెలు వచ్చాక గిటార్ ఎవరికి కావాలి. మా ఆయన ఇంట్లో కూర్చున్నాడు. రెండు గదుల ఇల్లు ఒక గది అయింది. ఆయన మంచం మీద, గిటార్ ఆయన తలాపున. నా నలభై నిమిషాలు పోయాయి. నిజానికి ఆయన పక్కనే కూర్చుని నేను రోజంతా వాయించుకోవచ్చు, వినపడదు. కానీ చూస్తాడు. చూస్తే ఏమంటాడు? ఏమీ అనడు. గిటార్ తన వైపుకు తీసుకుంటాడు.

ఆ మూడు నెలలు నాకు ఎట్లా గడిచాయో ఎవరికీ చెప్పలేదు. ఎడమ చేతి వేళ్ళ కొసలు గట్టిపడి ఉండేవి, అవి మెత్తబడ్డాయి. అంట్లు తోమితే నొప్పి పుడుతోంది, ఆడపిల్ల చేతుల్లాగా. చపాతీ కర్ర మీద తీగలు ఊహించుకుని నొక్కేదాన్ని. బియ్యం ఏరుతూ బొటనవేలితో కణుపులు ముట్టేదాన్ని, పై కణుపు, నడిమి కణుపు, పక్క వేలు, పై కణుపు, నడిమి కణుపు, పక్క వేలు. నాలుగు వేళ్ళు అయిపోతే మళ్ళీ మొదటి వేలు. దిగడానికి పాట లేదు. పాట లేనప్పుడు ఇల్లు ఏ కణుపో నాకు మాత్రం ఎట్లా తెలుస్తుంది? తల లోపల ఆ ఎనిమిది స్వరాలు ఆగకుండా తిరుగుతుంటే కూర మాడేది, అత్త అరిచేది, అరుపు కూడా ఆ స్వరాల్లోనే వినపడేది. పెన్న వంతెన మీద ఆటోలో పోతూ ఒకసారి కిందికి చూసి, నీళ్ళు లేవులే అనుకున్నాను. నీళ్ళు ఉండుంటే అన్న ఆలోచన ఆ పూటంతా నన్ను వదల్లేదు. అంతవరకూ వచ్చాను నేను. ఒక గిటార్ కోసం ఇంతా అంటారు. గిటార్ కోసం కాదు. నేను ఉన్నానని నాకు తెలిసే చోటు అదొక్కటే.

మా పక్కింటి కౌసర్ పులివెందుల బడిలో ఆఫీసు పని చేస్తుంది, రోజూ బస్సులో పోయొస్తుంది. వాళ్ళ బడికి గిటార్ నేర్పే టీచర్ కావాలట. "అన్నకు చెప్పక్కా" అని చెప్పిపోయింది. నేను అన్నకు చెప్పలేదు. నోటు పుస్తకంలోంచి కాగితం చింపి నేనే రాశాను. నాకు సర్టిఫికెట్లు లేవు, మా నాయన దగ్గర పద్నాలుగేళ్ళు నేర్చుకున్నాను, అడిగింది వాయిస్తాను, వినండి, నచ్చకపోతే పంపించెయ్యండి అని రాశాను. కింద మసరత్ అని సంతకం పెట్టాను. సంతకం పెట్టి ఎంత కాలమైందో.

ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, ఆయనది. అది మోగితే ఎత్తేది నేను. వారం తర్వాత మధ్యాహ్నం, ఆయన అన్నం తింటుండగా మోగింది. "మసరత్ గారేనా? మీ ఉత్తరం చూశాను. శనివారం రండి, విందాం" అంది ఒక ఆడగొంతు. ఫోన్ పెట్టేశాక నా మొహం వెలిగిపోయి ఉంటుంది. చెవిటివాడి ఎదుట మొహం వెలగనియ్యకూడదు. వాళ్ళు మొహాలే చదువుతారు.

"ఎవురు?"

"పులివెందుల బడి. గిటార్ టీచర్ కావాలంట."

"నా పేరు ఎవురు చెప్పినారు వాళ్ళకు?"

"నీ పేరు గాదు. దరఖాస్తు పెట్టింది నేను."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. అప్పుడు నవ్వాడు. చెడ్డ నవ్వు కూడా కాదు, చిన్నపిల్ల తండ్రి చెప్పులు వేసుకుంటే నవ్వే నవ్వు. "నువ్వా మే. నువ్వు యాడ నేర్చినావు?"

"నువ్వు నేర్చిన చోటనే."

మా అత్త వాకిట్లోంచి లోపలికి వచ్చేసింది. "గిటార్ మెడకేసుకోని నువ్వు పులివెందుల బస్సెక్కితే నా కొడుకు ఊళ్ళో తలెత్తుకోని తిరిగేదెట్ల? ఆడదానికి ఇంత ఆశ పనికిరాదు."

"పని మంచిదే" అన్నాడు ఆయన, ఆమె వైపు కాదు, నా పెదాల వైపు చూస్తూ. "నేను పోతా."

"పిల్లోళ్ళు వాయించేది నీకు వినపడొద్దా?"

అనేశాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. ఆయన కంచం తోసేశాడు. అత్త నెత్తి కొట్టుకుంది. "నా కొడుకును చెవిటోడంటాందే, తాళి కట్టినోన్ని చెవిటోడంటాందే" అని వీధికి వినపడేటట్టు ఏడ్చింది, ఆ మాట అనకూడదని మాకందరికీ చెప్పినామె. ఆయన గంట సేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత లేచి వంటగదిలోకి వచ్చాడు. వంటగదిలోకి ఆయన వచ్చి ఎన్నేళ్ళయిందో.

"మసరత్. మూడు నెల్లాయ నేను ఇంట్లో కూసోని. ఈ పని నాకు రాకుంటే నేను యాడికి పోవాల చెప్పు. నువ్వు గూడా రా. రోజూ రా. క్లాసులో గోడ పక్కన నీకు కుర్చీ ఏపిస్తా. పిల్లోళ్ళు తప్పు గొట్టినప్పుడు వేలు చూపియ్యి, నేను సరిచేస్తా. ఇద్దరం చేసినట్లే గదా?"

ఇద్దరం చేసినట్టే. పేరు ఆయనది, నడిమి కుర్చీ ఆయనది, గోడ పక్కన కుర్చీ నాది, అందులోని చెవులు నావి. రావడానికి ముందు వంట, వచ్చాక వంట. సరే అన్నాను. సరే అనడం నా నోటికి అంత అలవాటు.

శనివారం పొద్దున నూనె వేశాను, చొక్కా ఇస్త్రీ చేశాను, గిటార్ మెత్తటి గుడ్డతో తుడిచాను. తుడుస్తున్నప్పుడు తీగలు నా చేతి కింద పలికాయి. మూడు నెలల తర్వాత. పక్కకు తిరిగి ఏడ్చి, మొహం కడుక్కుని బయల్దేరాను. బస్సులో ఒక సీటు ఆయనకు, కిటికీ పక్కన సీటు గిటార్‌కు. "దానికి దెబ్బ తగుల్తాది, నువ్వు నిలబడు" అన్నాడు. ముద్దనూరు దాకా కంబీ పట్టుకుని నిలబడ్డాను. కండక్టర్ వచ్చి, "ఏమప్పా, దానికి గూడా ఒగ టికెట్ కొడదామా?" అని నవ్వాడు. ఆయన వినలేదు. ఆయన బదులు నేను నవ్వాను. అదీ నా పనే, ఆయనకు వినపడని హాస్యాలకు నవ్వడం.

బడి పులివెందుల ఊరి చివర ఉంది. సంగీతం గదిలో ఒక బల్ల, నడిమిన ఒక కుర్చీ, గోడ పక్కన ఒక కుర్చీ. ఎవరో మా కోసమే సర్దిపెట్టినట్టుంది. ప్రిన్సిపాల్ మైత్రేయి మేడం యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు నెరిసినట్టే వదిలేసింది. నా వైపే చూసి, "మసరత్ గారు మీరేనా?" అంది.

మా ఆయన ముందుకొచ్చాడు. ఆమె అడిగింది సగం చదువుకుని, సగం ఊహించుకున్నాడు. "నమస్తే మేడం. నా పేరు చాంద్ బాషా. దరఖాస్తు మా ఇంటామెతో రాపిచ్చినా, చేతిరాత బాగుంటాదని. వాయించేది నేను."

"ఉత్తరంలో వేరేగా ఉందే" అంది మేడం, నాతోనే.

నేను నేల వైపు చూశాను. నాపరాళ్ళు, నున్నగా పాలిష్ పట్టినవి. "ఆయన వాయిస్తారు మేడం" అన్నాను. ఈ మాట అన్నది నేనే. ఎవరూ నా గొంతు పట్టుకోలేదు. ఇది దాచిపెడితే ఈ కథ రాయడం దండగ.

ఆయన నడిమి కుర్చీలో కూర్చున్నాడు. మేడం బల్ల మీది శ్రుతి పెట్టెను మోగించింది. అది ఏ స్వరంలో ఉందో నాకు రెప్పపాటులో తెలిసింది, ఉంగరపు వేలు, అడుగు కణుపు. చూపించాను. ఆయన అందుకున్నాడు. పెళ్ళిళ్ళలో వాయించే పాట ఒకటి తప్పు లేకుండా వాయించాడు. వేళ్ళకు కంఠతా వచ్చిన పాట. మేడం తల ఊపింది.

"బాగుంది. కట్టిన పాట చాలు. ఇప్పుడు అప్పటికప్పుడు మీకు తోచింది వాయించండి. పిల్లలకు నేర్పాల్సింది అదే."

ఆయన నా వైపు చూశాడు. మేడం మాటనే నేను శబ్దం లేకుండా పెదాలతో మళ్ళీ చెప్పాను. అదీ చేశాను.

డిమినిష్డ్ స్కేల్‌లోకి దూకాడు. మూడు మెట్లు, అదే ఆకారం, మూడు మెట్లు, అదే ఆకారం. వరండాలో పోయే పిల్లలు ఆగి కిటికీలోంచి చూస్తున్నారు. గది అంతా గాలిలో వేలాడుతోంది. రెండు చుట్లు తిరిగి, దిగే ముందు నా చేతి వైపు చూశాడు.

నా బొటనవేలు ఉంగరపు వేలి దాకా పోయింది. ముట్టలేదు. ఈ వేలు ముడితే సోమవారం నుంచి నేను ఈ కుర్చీలో ఉంటాను. ఒక పిల్ల తప్పు మెట్టు నొక్కుతుంది, నేను వేలు చూపిస్తాను, ఆయన ఆ పిల్లను సరిచేస్తాడు, సార్‌కు ఎంత చెవి అని ఆ పిల్ల ఇంటికి పోయి చెప్తుంది. మరుసటి రోజూ అంతే. పదేళ్ళకూ అంతే. ఏదో ఒక రోజు ఒక పిల్ల నాలాగే దారి తప్పి, దీంట్లో ఇల్లు ఎక్కడ సార్ అని అడుగుతుంది. చెవి చెప్పాలి అని మా నాయన చెప్పిన మాట ఆయన చెప్తాడు, నా చెవి వైపు చూస్తూ. ఆ పిల్ల గోడ పక్కన తస్బీ లెక్కపెట్టుకునే ఆడమనిషిని చూసి, పాపం సార్ భార్య, వంటలో మంచిదట అనుకుంటుంది. నేను అప్పటికి బతికే ఉంటానా? ఉంటాను. అదే భయం. నా చెయ్యి తెరుచుకుంది. కాదు, నేనే తెరిచాను. అయిదు వేళ్ళూ విడదీసి, అరచెయ్యి మోకాలి మీద బోర్లించాను.

ఆయన ఇంకో చుట్టు తిరిగాడు. మెట్లు అయిపోయాయి. కిందికి వచ్చాడు, మూడు మెట్లు, మూడు మెట్లు. చెమట గడ్డం మీదికి దిగుతోంది. నన్ను చూశాడు, ముందు గద్దింపుగా, తర్వాత బతిమాలుతూ, తర్వాత నేనెప్పుడూ ఆయనలో చూడని భయంతో. జాలి వేసింది. ఎందుకు వెయ్యదు? ఎనిమిదేళ్ళు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది ఆ జాలే. చెయ్యి కదపలేదు.

చివరికి తనే దిగాడు. చూపుడు వేలి అడుగు కణుపు మీద. శ్రుతి పెట్టె ఒక ఊళ్ళో, ఆయన ఇంకో ఊళ్ళో. ఆ స్వరాన్ని గట్టిగా మీటి, మోగనిచ్చి, కళ్ళు మూసుకుని తల ఊపాడు. కిటికీ దగ్గర పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఇద్దరు నవ్వారు. ఆయన కళ్ళు తెరిచి వాళ్ళ నవ్వులు చూసి, తనూ నవ్వాడు.

మేడం ఇబ్బందిగా ముందుకు వంగింది. "ఆ చివర ఏదో తేడా వచ్చింది. ఇంకొకసారి దిగి చూపిస్తారా?"

"థ్యాంక్యూ మేడం" అన్నాడు మా ఆయన. "అందరూ ఇట్లనే అంటారు."

మేడం ఆయన్ను చూసింది, మోగుతున్న శ్రుతి పెట్టెను చూసింది, చెయ్యి చాపి దాన్ని ఆపేసింది. అప్పుడు నా వైపు తిరిగింది. "ఏమ్మా, ఈయనకు వినపడదా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అడిగితే బాగా వినపడుతుంది సార్ అన్నాను. ఆర్కెస్ట్రా నడిపే ఆయన అడిగితే పరధ్యానం ఎక్కువ అన్నాను. ఆసుపత్రిలో నర్సు అడిగితే గులిమి అన్నాను. ఒక్కొక్క అబద్ధం మీదా మా ఇంట్లో అన్నం ఉడికింది. ఇప్పుడు నిజం చెప్తే ఈ పని ఆయనకు పోతుంది. నాకు వస్తుందని కూడా లేదు. సాయంత్రం జమ్మలమడుగులో నేను ఏ గడప ఎక్కాలో తెలియదు.

నేను లేచి, నడిమి కుర్చీ దాకా పోయి, ఆయన ఎదురుగా నిలబడ్డాను. కిటికీ వెలుతురు నా మొహం మీద పడేటట్టు తిరిగి, నోరు బాగా కదిలిస్తూ, ఆయనకు ఒక్క మాట కూడా తప్పిపోకుండా మెల్లగా చెప్పాను.

"నీకు వినపడదు మామా. ఈ పనికి పిలిచింది నన్ను. లెయ్."